రెండంగుళాల ఎత్తు

అక్టోబర్ 5, శనివారం

పికప్ ట్రక్కు వచ్చింది. ఇంటి ముందు డ్రైవ్‌లో పూర్తిగా పట్టలేదు. వెనక భాగం పేవ్‌మెంట్ మీదికి పొడుచుకుని ఉంది. పుష్‌చైర్‌లో పసిపిల్లతో వెళ్తున్న ఒకావిడ రోడ్డు మీదికి దిగి, దాన్ని చుట్టి వెళ్ళింది. వెళ్తూ మా కిటికీ వైపు చూసింది. నేను తెర వేసేశాను.

ప్రైమరీ స్కూలు ముందు పెద్ద బండ్లు ఆపనివ్వకూడదని మా ఊరు బేసింగ్‌స్టోక్ కౌన్సిల్‌తో కొట్లాడుతున్న కమిటీకి కార్యదర్శిని నేనే. ప్లకార్డు మీద నినాదం నాది. ఇప్పుడు ఆ ప్లకార్డు గరాజ్‌లో ఉంది, దాని ముందు ఈ ట్రక్కు ఉంది. ప్లకార్డు బయటికి తీయాలంటే ముందు ట్రక్కు తీయాలి.

నా భార్య కృప పాత కారు ఫిబ్రవరిలో వాగు నీళ్ళలో ఆగి, మళ్ళీ లేవలేదు, అప్పటినుంచి అరువు బండ్లే. నిజమే. కమ్యూనిటీ నర్సుకి బండి లేకపోతే ఉద్యోగమే లేదు. ఊరి బయట పల్లెల్లో కట్లు మార్చాలి, సూదులు వెయ్యాలి. అదీ నిజమే. కాదన్నానా? కారు కొనుక్కోమన్నాను. ట్రక్కు కొంది.

ఎదురింటి వెంకటసుబ్బారావు రోడ్డు దాటి మరీ వచ్చాడు. ఆయనకి ఇంటికంటే పెద్ద కారు ఉంది.

"కంగ్రాట్స్ ఏలియా గారూ! మొత్తానికి మా పార్టీలో చేరిపోయారన్నమాట."

"నేను చేరలేదండీ. మా ఆవిడ చేరింది."

"ఆవిడ చేరాక మీరెక్కడికి పోతారు లెండి. సభ్యత్వం ఫ్యామిలీ ప్యాకే."

కృప నవ్వింది. మా పెళ్ళయిన కొత్తల్లో ఇలాంటి జోకు ఎవరైనా నా మీద వేస్తే కృపే ముందు వాళ్ళ మీద పడేది.

అక్టోబర్ 6, ఆదివారం

ట్రక్కు చాలదట.

చర్చి నుంచి వచ్చి, అన్నం తింటూ చెప్పింది. "టైర్లు మారుస్తా. ఒక సైజు పెద్దవి, మట్టిలో పట్టుండేవి. బండి కూడా కొంచెం లేపిస్తా."

"ఎంత?"

"రెండంగుళాలు."

"ఎందుకంట?"

"ఎందుకేంది? ఆర్థర్ గారి ఇంటికి యాడనుంచి పోవాల? చలికాలం లేన్‌లోకి వాగొస్తది. ఇంక పొలం దారే గతి. ఆ దారి మధ్యలో గట్టు లేచి ఉంది. నిన్న బండి తెస్తూ అటు పోయి చూశా, పొడిగా ఉన్నప్పుడే కడుపు రాసుకుంది."

ఆర్థర్ ఆమె పేషెంట్లలో ఒకడు. ఎనభై దాటిన రైతు, ఒంటరి. కళ్ళు దాదాపు పోయాయి, ఇన్సులిన్ తనంతట తాను వేసుకోలేడు.

"లేన్ బాగుచెయ్యాల్సింది కౌన్సిల్. బండి ఇవ్వాల్సింది మీ ఆఫీసు. నీ జీతంతో నువ్వెందుకు ఎత్తు కొనుక్కోవాలి? ఇది వ్యవస్థ చెయ్యాల్సిన పని కృపా. మనం ఒక్కొక్కళ్ళం ఇట్లా సర్దుకుపోతూ ఉంటే వాళ్ళు ఎప్పటికీ చెయ్యరు. నేను రాస్తాను."

"రాయి. నువ్వు రాసి, వాళ్ళు చదివి, జవాబు ఇచ్చేలోపు ఆయనకి సూది ఎవరేస్తారో అదీ రాయి."

పప్పు నా వైపు జరిపింది. వాదన అయిపోయిందని అర్థం. అవలేదు.

అక్టోబర్ 12, శనివారం

ఫయాజ్ గరాజ్‌కి వెళ్ళాం. పాతబస్తీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. తెలుగువాళ్ళ బండ్లన్నీ అతని దగ్గరికే వెళ్తాయి. అమ్మకం మొదలుపెడితే ఊపిరి తీసుకోడు.

"రెండించులేంది మేడమ్? నాలుగు జేస్త. ముంగట లైట్ బార్ పెడ్త. రోడ్డు మీద ఎవ్వడన్న అడ్డమొస్తడా ఇంక?"

"నేను యుద్ధానికి పోవట్లేదు ఫయాజ్. రెండే. లైట్లు వద్దు."

"అయితే టైర్లన్న మొత్తం బురద టైర్లు ఏస్కోండి."

"రోజంతా తిరిగేది తార్రోడ్డు మీదే. అవి గోల పెడతాయి, వానలో జారతాయి. రోడ్డుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చేవి చూపించు. చక్రం బాడీ బయటికి రాకూడదు."

నాకు తెలియకుండా ఇదంతా ఎప్పుడు చదివింది?

నేను ఊరుకోలేదు. వారమంతా నేనూ చదివాను. పెద్ద టైరు వేస్తే స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, బండి అసలు వేగం దానికంటే ఎక్కువ ఉంటుంది. ముందు ఎత్తు పెరిగితే హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో పడతాయి. బ్రేకు వేశాక ఆగే దూరం పెరగవచ్చు. బానెట్‌కి దగ్గరగా నిలబడ్డ పిల్ల కనపడదు. అన్నీ వరసగా చెప్పాను.

"సార్‌కు అన్నీ ఎర్కే," అన్నాడు ఫయాజ్. "సార్‌ను గిక్కడ కౌంటర్ల కూసోబెడితే ఒక్క టైరు అమ్ముడువోదు."

కృప నా వైపు తిరిగి, "లైట్లు దించుతాడు. స్పీడ్ సరిచేయిస్తా. పిల్లల సంగతి నాకు తెలుసు, స్కూలు రోడ్డు మీంచి పోను, చుట్టు తిరిగి పోతా. ఇంకేమన్నా ఉందా?" అంది.

ఫయాజ్ కల్పించుకున్నాడు.

"ఒక్కటి మేడమ్. ముందుగాల ఇన్సూరెన్సోళ్ళకు జెప్పండి. ఆళ్ళు ఊ అన్నంకనే నేను బోల్టు ఇప్పుత."

"ఈయన చెప్తాడు. ఫోన్లన్నీ ఈయన డిపార్ట్‌మెంటే."

అది నిజం. ఇంగ్లండ్ వచ్చిన కొత్తలో అవతలివాళ్ళు తన యాసని ఎగతాళి చేశారని కృప ఒకసారి ఫోను పెట్టేసి ఏడ్చింది. అప్పటినుంచి గ్యాసు, కరెంటు, బ్యాంకు, కౌన్సిల్, అన్ని ఫోన్లూ నేనే చేస్తాను. వాళ్ళతో పోట్లాడి గెలిచి ఫోను పెట్టేస్తుంటే చూసి సంతోషించేది. ఇప్పుడు వార్డుల్లో, ఇళ్ళల్లో ఎంతమంది తెల్లవాళ్ళ నోళ్ళు మూయించగలదో నాకు తెలుసు. ఫోన్లు మాత్రం నావే.

పైగా నేను పనిచేసేది ఇన్సూరెన్సు కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద. మార్చిన సంగతి చెప్పని బండికి యాక్సిడెంట్ అయితే ఏమవుతుందో రోజూ స్క్రీన్ మీద చూస్తుంటాను.

సోమవారం చేస్తాను.

అక్టోబర్ 14, సోమవారం

మీటింగులు. రేపు.

అక్టోబర్ 16, బుధవారం

"చేశావా?"

"లైన్ దొరకలేదు."

చేసి ఉంటే దొరికి ఉండేది కాదు. వారం మధ్యలో ఎప్పుడూ అంతే.

అక్టోబర్ 20, ఆదివారం

వ్యాసం పూర్తయింది. 'ఎత్తు రాజకీయం'. వెబ్ పత్రికవాళ్ళు వెంటనే వేస్తామన్నారు. చాలా నెలల తర్వాత నాకు నచ్చిన వ్యాసం. రాస్తున్నంతసేపూ వాక్యాలు వాటంతటవే వచ్చాయి.

లోపల కూర్చున్నవాడి ధైర్యానికి బయట నడిచేవాడు మూల్యం చెల్లిస్తాడు. ఒకడు ఎత్తు పెంచితే పక్కవాడికి భయం వేస్తుంది, వాడూ పెంచుతాడు. చివరికి అందరూ ఎత్తులోనే ఉంటారు, నేల మీద పిల్లలు మాత్రం మిగులుతారు. ప్రభుత్వం రోడ్డు వెయ్యదు, కాలువ తియ్యదు. మనిషి తన బాధ్యతని తన బండికి బిగించుకుంటాడు. దాన్ని స్వేచ్ఛ అంటారు. కాదు, అది లొంగిపోవడం.

ఇందులో ఏ వాక్యం తప్పు? ఇప్పుడు మళ్ళీ చదివినా నాకు ఒక్కటీ కనిపించలేదు.

మధ్యలో ఒక పేరా ఉంది. 'సేవ చేస్తున్నామనుకునే మంచివాళ్ళు కూడా ఈ మాయలో పడతారు. నాకు తెలిసిన ఒక నర్సు, రోగుల కోసమే అంటూ తన బండిని యుద్ధ ట్యాంకులా తీర్చిదిద్దుకుంటోంది.' పేరు రాయలేదు. ఊరు రాయలేదు. ఉదాహరణ లేకపోతే వాదన గాలిలో ఉంటుంది.

అక్టోబర్ 27, ఆదివారం

తెలుగు ఫెలోషిప్. స్కూల్ హాల్లో ప్రార్థన అయ్యాక బిర్యానీ. వ్యాసం అందరి ఫోన్లలోకీ చేరింది. ఎవరు పంపారో నాకు తెలియదు. తెలుసుకున్నా ప్రయోజనం లేదు.

"ట్యాంకు ఆంటీ, ప్రైజ్ ద లార్డ్!" అన్నాడు సైమన్ కొడుకు. పిల్లలందరూ నవ్వారు. సైమన్ వాణ్ణి తిట్టాడు, తిడుతూ తనూ నవ్వాడు. కృప బిర్యానీ వడ్డిస్తూనే ఉంది. చివరి ప్లేటు వరకూ గరిటె ఆగలేదు.

బండిలో:

"నన్నే రాశావు."

"పేరు ఎక్కడుంది?"

"పికప్పు నడిపే తెలుగు నర్సులు ఈ ఊళ్ళో ఎంతమందయ్యా?"

"నేను నీ మీద రాయలేదు. ఒక ధోరణి మీద రాశాను."

"ధోరణా! పదిమంది నన్ను చూసి నవ్వితే ధోరణి వడ్డించిందా బిర్యానీ, నేను వడ్డించానా?" సిగ్నల్ దగ్గర బండి ఆపి, నా వైపు చూడకుండానే అంది. "నేను తప్పు చేస్తున్నాననుకుంటే నా మొహాన చెప్పు. ఊరందరికీ చెప్పి నాకు వినపడేట్టు చెయ్యొద్దు."

"మొహాన చెప్పాను. పప్పు జరిపావు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నిజం అదే కదా.

అక్టోబర్ 28, సోమవారం

కృప తన దిండు తీసుకుని మా అమ్మాయి జెస్లిన్ గదిలోకి మారింది. జెస్లిన్ ఎడిన్‌బర్గ్‌లో చదువుకుంటోంది కాబట్టి గది ఖాళీగానే ఉంది. నడుం నొప్పి వల్ల అంది.

సాయంత్రం జెస్లిన్ ఫోన్ చేసింది. దాని తెలుగు వినడానికే తప్ప మాట్లాడటానికి కాదు.

"డాడ్, ట్రాన్స్‌లేట్ చేసి చదివాను. ఇట్స్ రియల్లీ గుడ్, యాక్చువల్లీ. బట్ ఇట్స్ మమ్. యూ కాంట్ డూ దట్ టు మమ్."

"అది మీ అమ్మ గురించి కాదమ్మా."

"డాడ్."



నవంబర్ 5, మంగళవారం

ఇప్పుడు మా మధ్య నడిచే మాటలు: పాలు ఉన్నాయా, బిన్ బయట పెట్టావా, ఇన్సూరెన్సు ఏమైంది.

"చూసి చెప్తామన్నారు," అన్నాను.

ఇది అబద్ధం కాదు. చేసి ఉంటే వాళ్ళు అదే చెప్పేవారు. ఆ మాట ఏ స్క్రీన్ చూసి చదువుతారో కూడా నాకు తెలుసు.

నవంబర్ 9, శనివారం

రేపు ఆదివారం. సోమవారం తప్పకుండా చేస్తాను.

నవంబర్ 13, బుధవారం

ఆఫీసుకి సెలవు పెట్టాను. కృపకి చెప్పలేదు. బస్సులో పల్లె దాకా వెళ్ళి, అక్కడినుంచి ఆర్థర్ ఇంటి లేన్‌లోకి నడిచాను.

వాగు అప్పుడే లేచింది. ఇక్కడి వాగు మన వైపు వాగులా అరవదు. సుద్దనేల కింద నుంచి నిశ్శబ్దంగా ఊరుతుంది. రోడ్డు పల్లంలోకి దిగుతుంది, అక్కడ నీళ్ళు ఆకాశం రంగులో పరుచుకుని ఉన్నాయి, లోతు ఎంతో తెలియదు. పక్కన గేటు, గేటు దాటితే పొలం దారి. ట్రాక్టర్లు తొక్కిన రెండు గాడులు, వాటి మధ్య గట్టు. నా పిక్క సగం దాకా వచ్చింది ఆ గట్టు.

అక్కడ నిలబడి చూశాక, ఇంతకాలం నేను ఎందుకు ఫోను చెయ్యలేదో స్పష్టమైంది. బద్ధకం కాదు. సిద్ధాంతం కూడా కాదు, లేదా సిద్ధాంతం ఒక్కటే కాదు. కృప సంగతి నాకు తెలుసు. బండి ఎత్తు పెరిగితే భయం తగ్గుతుంది. భయం తగ్గితే ఇంకా లోతుకి వెళ్తుంది. ఫిబ్రవరిలో నీళ్ళు సీటు అంచుదాకా వచ్చాక గానీ తలుపు తియ్యలేదు. ఆ రోజు తడిసిన యూనిఫామ్‌తో వచ్చి, టీ తాగి, మర్నాడు వేరేవాళ్ళ కారు అడుక్కుని మళ్ళీ వెళ్ళింది.

టైర్లు లేకపోతే ఆగుతుంది. వాన పడినప్పుడు "నా బండి వెళ్ళదు" అని ఆఫీసుకి చెప్తుంది. వాళ్ళు వేరే ఏర్పాటు చేస్తారు. చెయ్యాలి, అది వాళ్ళ బాధ్యత.

నేను ఫోను చెయ్యకపోవడమే ఆమెకి క్షేమం.

నవంబర్ 14, గురువారం

నిన్న రాసింది మళ్ళీ చదివాను. సరిగ్గానే ఉంది.

నవంబర్ 20, బుధవారం

ఫయాజ్ మెసేజ్: టైర్లు వచ్చి ఉన్నాయి, ఇన్సూరెన్సు అయిందా సార్?

జవాబు ఇవ్వలేదు. శనివారం పెద్ద వాన, అంబర్ వార్నింగ్ అంటున్నారు.

నవంబర్ 23, శనివారం

కృపకి ఇవాళ డ్యూటీ. గుమ్మంలో అడిగాను, "ఆర్థర్ దగ్గరికి వెళ్ళగలవా ఈ వానలో?"

"చూస్తా."

"వెళ్ళలేకపోతే చెప్పెయ్యి వాళ్ళకి. బండి పోదని చెప్పు."

నా మొహం వైపు కొంచెంసేపు చూసింది. "ఆయన పొద్దున ఒక సూది మీద ఉంటాడు, సాయంత్రం ఒకటి. బండి పోదని ఆయన ఒంటికి చెప్పనా?"

మధ్యాహ్నం. రాలేదు. వచ్చే టైం ఇంకా కాలేదు కూడా.

ఫోను మోగకుండానే వాయిస్‌మెయిల్‌కి పోతోంది. ఆ లేన్‌లో సిగ్నల్ ఉండదు. అంటే అక్కడే ఉంది.

చీకటి పడింది. ఈ దేశంలో నవంబర్‌లో చీకటి పడటం పెద్ద విషయం కాదు.

సుబ్బారావు ఇంటి తలుపు కొట్టాను. "మీ కారు కావాలండీ" అన్నాను. నాకే నమ్మశక్యంగా లేదు. ఆయన జోకు వెయ్యలేదు. చెప్పుల్లోనే బయటికి వచ్చి తాళం తీశాడు. పల్లె చివర రోడ్డు మూసి పోలీసు టేపు కట్టి ఉంది. వెనక్కి తిరిగాం. దారంతా ఆయన "ఏం కాదండీ, ఏం కాదండీ" అంటూనే ఉన్నాడు.

నవంబర్ 24, ఆదివారం

బతికే ఉంది. ముందు ఇది రాయాలి.

లేన్ మునిగిపోతే పొలం దారి పట్టింది. రోడ్డు టైర్లు బురద మింగి నున్నగా అయిపోయాయి. ట్రక్కు పక్కకి జారి, గట్టు ఎక్కి, కడుపు దాని మీద ఆన్చి కూర్చుంది. చక్రాలు తిరిగాయి గానీ వాటికి నేల అందలేదు. సంచీ తలకెత్తుకుని దిగింది. గేటు దగ్గర తొడల దాకా నీళ్ళు. పడింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర వాచిపోయింది. ఎడమ చేత్తో తలుపు కొడితే ఆర్థర్ తియ్యలేదు. లోపల నేల మీద ఉన్నాడు, పొద్దుటినుంచి వాంతులు, మాట తడబడుతోంది. ల్యాండ్‌లైన్ నుంచి అంబులెన్స్‌కి చెప్పి, షుగర్ చూసి, సూది వేసి, పక్కన కూర్చుంది. పొరుగు రైతు ట్రాక్టరు తెచ్చేదాకా ఇద్దరూ ఒకే దుప్పట్లో ఉన్నారట. ఆర్థర్ ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. బతుకుతాడంటున్నారు.

ఇదంతా ఆమె నాకు చెప్పలేదు. జెస్లిన్‌కి ఫోన్లో చెప్తుంటే గోడ ఇవతలనుంచి విన్నాను.

టైర్లు ఉంటే ఆ దారిన పోయి వచ్చేసేది. ఇది నేనే రాస్తున్నాను. టైర్లు లేకపోయినా పోయింది. ఇదీ నేనే రాస్తున్నాను.

నవంబర్ 25, సోమవారం

పొద్దున కృప తనే ఇన్సూరెన్సువాళ్ళకి ఫోను చేసింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి. నేను మెట్ల మీద ఉన్నాను. ఆమె ఇంగ్లీషు తొణక్కుండా, నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా వచ్చింది. ఎవరూ ఎగతాళి చెయ్యలేదు. "మా ఆయన అక్టోబర్‌లో మీకు చెప్పారు కదా," అంది. తర్వాత చాలాసేపు వింది. "ఎవరూ చెయ్యలేదా? ఒక్కసారి కూడానా? థాంక్యూ. మళ్ళీ చేస్తాను," అని పెట్టేసింది.

వంటగదిలోకి వచ్చింది. చేతికి కట్టు.

"ఎందుకు చెయ్యలేదు?"

"వద్దని నీకు చాలాసార్లు..."

"వాదన కాదు. ఎందుకు చెయ్యలేదో చెప్పు."

మాటలు వెతుక్కుని చెప్పాను. వందల వ్యాసాలు రాసినవాణ్ణి. "టైర్లు లేకపోతే పోవనుకున్నా. భయమేసింది కృపా. ఫిబ్రవరి నుంచీ."

ఆమె కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"భయమైతే భయమని చెప్పచ్చుగా. నేను నీ పక్కన కూర్చునేదాన్ని. నువ్వు మాత్రం రాజకీయం చెప్పావు, వ్యవస్థ చెప్పావు, నన్ను ట్యాంకు అన్నావు. అన్నీ పడ్డా. కానీ ఆరు వారాలు రోజూ అడిగాను, రోజూ చూసి చెప్తామన్నారని చెప్పావే... నేను నిన్ను నమ్ముకుని ఆ బురదలోకి పోయానయ్యా. ఇవాళో రేపో అయిపోద్ది, ఈ ఒక్కసారికి పోదాంలే అనుకున్నా. నువ్వు చెయ్యలేదని తెలిస్తే నేనే చేసుకుందును గదా!"

ఆగిపోతుందనుకున్నాను. నా మాట మీద నమ్మకంతో వెళ్ళింది.

ఫోను స్పీకర్‌లో పెట్టి బల్ల మీద నా ముందుకి తోసింది. "చెయ్యి. నేను వింటా."

అవతల కుర్రాడి గొంతు. ముందు పాలసీ ఎవరి పేరు మీద ఉందో ఆవిడతో మాట్లాడించమన్నాడు, కృప మాట్లాడింది. తర్వాత నన్ను ప్రశ్నలు అడిగాడు. టైరు సైజు. ఎంత ఎత్తు. ఎవరు బిగిస్తారు. అన్నీ చెప్పాను, అన్నీ నాకు తెలుసు. చివరికి, "ఈ మార్పు ఎందుకు చేయిస్తున్నారు?" అన్నాడు.

కృప నన్నే చూస్తోంది.

"నా భార్య నర్సు," అన్నాను. "ఆమె వెళ్ళాలి."

టైపు చేస్తున్న చప్పుడు. "సరే సర్. ఇంకేమైనా మార్పులున్నాయా?"

కృప ఫోను తన వైపు లాక్కుంది. "ఉంది. ఈ పాలసీలో రెండో డ్రైవరు ఉన్నాడు. ఆ పేరు తీసెయ్యండి."

"మీ హస్బెండ్ పేరేనా మేడమ్?"

"అవును. ఏలియా."

నవంబర్ 30, శనివారం

పొలంలోంచి ట్రాక్టరుతో లాగించిన ట్రక్కు ఫయాజ్ దగ్గరనుంచి వచ్చింది. ఎత్తు పెద్దగా తెలియడం లేదు. టైర్లు తెలుస్తున్నాయి.

ఇక దాన్ని నేను నడపడానికి లేదు. ఎక్కి కూర్చోవచ్చు, ఆమె ఎక్కించుకుంటే.

దిండు ఇంకా జెస్లిన్ గదిలోనే ఉంది.

డిసెంబర్ 4, బుధవారం

ఆర్థర్ ఇంటికి వచ్చాడు. ఇవాళ నాకు సెలవు. పొద్దున టీ దగ్గర అడిగాను, "నేనూ రానా? లోపలికి రాను. బండిలోనే కూర్చుంటా. గేటు తీసిపెడతా."

"నోరు మూసుకుని కూర్చోవాల."

"కూర్చుంటా."

అవుననలేదు, కాదనలేదు. యూనిఫామ్ వేసుకుని బయటికి వెళ్ళింది. ఇది ఎందుకు కూర్చుని రాస్తున్నానో నాకు తెలియదు. రాయకపోతే కాళ్ళు కదిలేలా లేవు. కిటికీలోంచి కనపడుతోంది. ఎక్కింది. సంచీ పక్క సీటులో పెట్టింది. మళ్ళీ తీసి వెనక పెట్టింది. బండి స్టార్ట్ చేసింది. హారన్ కొట్టలేదు, ఇటు చూడలేదు. కదలడం కూడా లేదు. ఇంజిన్ ఊరికే తిరుగుతోంది, వీధంతా పొగ. దాని మీద ఇవాళ నేనేమీ అనను. బూట్లు ఎక్కడ